పరిరక్షిత పాదాలు

ప్రతి బడికీ ఒక చరిత్ర ఉండి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంతకు ముందటేడు ప్రతి బడికీ మరుగుదొడ్లు ఉండి తీరాలని వచ్చింది. మరుగుదొడ్లకు గడువు పెట్టలేదు కనుక వాటి కోసం మేము ఇంకా ఎదురుచూస్తున్నాం. చరిత్రకు మాత్రం పది రోజులే గడువు.

మాది బొడ్డువారిపాడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఒకప్పుడు ఇది ఊరు. నగరం పెరిగి పెరిగి మా దాకా వచ్చింది కనుక ఇప్పుడు శివారు. ఊరికి ఉండే పొలాలు పోయాయి, నగరానికి ఉండే కుళాయి నీళ్ళు రాలేదు. నాలుగు వైపులా అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి మధ్య బడి వెనక రెండెకరాల ఆటస్థలం ఒక్కటే మిగిలింది. పిల్లలు కాళ్ళు చాచి పరిగెత్తడానికి మా చుట్టుపక్కల అంత జాగా మరెక్కడా లేదు.

చరిత్ర రాసే పని న్యాయంగా సోషల్ టీచరుకి పడాలి. కానీ మా ప్రధానోపాధ్యాయులు పరంధామయ్య గారు తెలుగు మేష్టారినైన నన్ను పిలిచారు.

"సోషలాయన రాస్తే జరిగింది రాస్తాడండీ సుబ్బారాయుడు గారూ. మనకి కావలసింది చరిత్ర" అన్నారు.

మా బడికి చరిత్ర అనదగ్గది ఒక్కటే ఉంది. హెడ్మాస్టరు గదిలో గడియారం కింద ఒక పాత ఫోటో. ఉత్త కాళ్ళతో ఒక కుర్రాడు రొమ్ముతో రిబ్బను తెంచుతూ ఉంటాడు. కింద 'బి. కోటిలింగం, మైలు పందెం, రాష్ట్ర ప్రథమ బహుమతి' అని ఉంటుంది. ఆ కోటిలింగం గారు ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి. పక్క వీధిలోనే ఉంటారు. రోజూ సాయంత్రం పాల ప్యాకెట్ కోసం బడి ముందు నుంచే వెళతారు. ఆయన్ని అడిగి రాస్తానన్నాను.

"బతికున్నవాళ్ళని అడిగితే చరిత్ర తెమలదండీ" అన్నారు పరంధామయ్య గారు.

సరే, ఫోటోలో ఉన్నంత మేరకు ఒక పేజీ రాసిచ్చాను. ఆయన చదివి పెదవి విరిచారు. "బాగుంది గానీ ఇందులో మట్టి లేదండీ. చరిత్రన్నాక కాస్త మట్టి తగలాలి" అని తనే కలం తీసుకుని చివర ఒక వాక్యం కలిపారు. 'ఆ మహనీయుని పాదస్పర్శతో పునీతమైన ఈ క్రీడాంగణ మృత్తికలో నేటికీ ఆ అడుగుల జాడలు సజీవముగా నున్నవి.' సంతకం పెట్టి, స్టాంపు కొట్టి పంపించేశారు.

నెల తిరక్కుండా తెల్లకారులో ఒక అధికారి దిగారు. వారసత్వ క్రీడాస్థలాల పరిరక్షణ విభాగం ప్రత్యేకాధికారి చక్రపాణి గారు. అలాంటి విభాగం ఒకటుందని మాకు ఆ రోజే తెలిసింది. ఆయన ఆటస్థలం అంచున చెప్పులు విడిచి, వంగి, నేలకు దణ్ణం పెట్టారు. పరంధామయ్య గారు కూడా గబగబా పెట్టారు. వెనకాల నేనూ పెట్టాను.

అప్పుడు లోపల కబడ్డీ జరుగుతోంది. ఆ దృశ్యం చూసి చక్రపాణి గారి ముఖం పాలిపోయింది.

"ఏమిటీ విధ్వంసం? సజీవమైన అడుగుజాడల మీద పిల్లల్ని దొర్లిస్తున్నారా?"

సాయంత్రానికి చుట్టూ స్తంభాలు, తీగ, గేటుకు తాళం పడ్డాయి. 'పరిరక్షిత క్రీడా వారసత్వ మృత్తిక. ఇందు పాదము మోపుట నేరము' అని పెద్ద బోర్డు పెట్టారు. మా వ్యాయామ ఉపాధ్యాయిని సలోమి టీచర్ మెళ్ళో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయింది.

"మరి పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి సార్?" అని అడిగింది.

"ఆటలను ప్రోత్సహించుటకే కదమ్మా ఈ పథకం" అన్నారు చక్రపాణి గారు, ఆమె తెలివితక్కువతనానికి జాలిపడుతూ. "ఆడితే ఆట ఒక గంటలో అయిపోతుంది. ప్రేరణ పొందితే జీవితాంతం ఉంటుంది. ఇకమీదట పిల్లలు ప్రేరణ పొందుతారు."

ఆ విధంగా ఆటల పీరియడ్ పేరు ప్రేరణ పీరియడ్ అయింది. పిల్లలు తీగ వెంబడి వరసగా నిలబడి, చేతులు కట్టుకుని, పీరియడంతా నేలకేసి చూడాలి. సలోమి టీచర్ విజిల్ ఊదితే చూడ్డం మొదలు, మళ్ళీ ఊదితే ఆపడం. పక్కకి చూసినవాణ్ణి పరంధామయ్య గారు గోడకుర్చీ వేయించేవారు. తనిఖీకి వచ్చిన చక్రపాణి గారు ఏడో తరగతి వాణ్ణొకణ్ణి బుగ్గ తట్టి, "ప్రేరణ కలుగుతున్నదా బాబూ?" అని అడిగారు. "లేద్సార్, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నాడు వాడు. "పాదములలో చలనం మొదలైనది" అని ఆయన సహాయకుడి చేత రాయించుకున్నారు.

ఈ తీగ వల్ల నిజంగా నష్టపోయిన మనిషి ఒక్కతే. ఎనిమిదో తరగతి ఝాన్సీ. బడి గేటు ఎదుట టిఫిన్ బండి పెట్టుకునే శేషారత్నం కూతురు. పొద్దున్నే చట్నీ రుబ్బి, గిన్నెలు తోమి, ఆ తడి చేతులతోనే వచ్చి ఉత్త కాళ్ళతో మైదానం చుట్టూ పరిగెత్తేది. ఆ పిల్ల పరిగెత్తుతుంటే నాలాంటి వాడికి కూడా కిటికీలోంచి చూస్తూ ఛందస్సు చెప్పడం మరపు వచ్చేది. దసరా ముందు జిల్లా పోటీలు. అందులో ఎనిమిది వందల మీటర్ల పరుగులో బాగా పరిగెత్తిన వాళ్ళని క్రీడా పాఠశాలలోకి తీసుకుంటారు. తిండి, బస, చదువు, శిక్షణ అన్నీ వాళ్ళవే. ఆ ఏడు దాటితే ఝాన్సీకి వయసు మీరిపోతుంది. అప్పుడిక పదో తరగతి కాగానే తల్లి పక్కన బండి దగ్గరే నిలబడాలి. తల్లీ కూతుళ్ళిద్దరికీ ఈ సంగతి తెలుసు, సలోమి టీచరుకి ఇంకా బాగా తెలుసు.

ఆ తరవాత చినుకు పడక నేలంతా ఎండిపోయిన శ్రావణంలో చక్రపాణి గారు ఒక మృత్తికా నిపుణుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. నేల తగలకుండా గేటు నుంచి మైదానం మధ్యదాకా చెక్కల వంతెన వేయించారు. నిపుణుడు దాని మీద బోర్లా పడుకుని భూతద్దంతో వెతికి వెతికి కేక పెట్టాడు. ఎండిన బురదలో అచ్చంగా రెండు పాదముద్రలు. ఉత్త పాదాలు. కుడికాలి చిటికెన వేలు కాస్త పక్కకి తిరిగి ఉంది.

"వేలు చూశారా? పరుగువీరుల లక్షణం. కోటిలింగం గారి పాదాలే, సందేహం లేదు" అన్నాడు నిపుణుడు. అన్నేళ్ళ వానలకి అవి చెదరకుండా ఎలా ఉన్నాయని నేను అడిగాను. "అందుకే సజీవమన్నారు" అని పరంధామయ్య గారి వాక్యం నాకే చదివి వినిపించాడు.

ముద్రల మీద గాజుపెట్టె బిగించారు. పరంధామయ్య గారు వంతెన మీద కొబ్బరికాయ కొట్టారు. తీగ అవతల నిలబడ్డ పిల్లల్లోంచి ఝాన్సీ చెయ్యెత్తింది.

"సార్, అవి నావి. ముందు రాత్రి వానకి బురదగా ఉన్నా తాళం వేసిన రోజు పొద్దున కూడా పరిగెత్తా. సలోమి టీచర్ చూశారు."

అధికారులందరూ నవ్వారు. "చూశారా, ప్రేరణ! ప్రతి బిడ్డకూ ఆ పాదాలు తనవే అనిపిస్తున్నాయి" అన్నారు చక్రపాణి గారు, కళ్ళు తుడుచుకుంటూ.

జిల్లా పోటీలకు ఎవర్ని పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన వెంటనే తేల్చేశారు. ఎక్కువ ప్రేరణ పొందినవాళ్ళు వెళతారు. ఎవరికెంత ప్రేరణ కలిగిందో రాతపరీక్ష పెట్టి కొలుస్తారు. ప్రశ్న ఒకటే. 'మైదానమును వీక్షించునపుడు నీ యందు కలుగు భావములను పది వాక్యములలో వ్రాయుము.' పేపర్లు విభాగం వాళ్ళే పట్టుకెళ్ళి దిద్దారు. తొమ్మిదో తరగతి చరణ్‌తేజ 'ఓ మైదానమా, నీవు లేనిదే నేను లేను' అని మొదలుపెట్టి అదనపు కాగితం కూడా తీసుకున్నాడు. ఎనిమిది వందల మీటర్ల పరుగుకి బడి మొత్తమ్మీద వాడొక్కడే ఎంపికయ్యాడు. వాడు మంచి పిల్లవాడే. మేడ మీది క్లాసుకి రావడానికి మెట్ల మధ్యలో ఒకసారి కూర్చుంటాడు. ఝాన్సీ ఒక్క వాక్యమే రాసింది. 'నాకు పరిగెత్తాలనిపిస్తుంది.' పది వాక్యాలు లేవని ఒక మార్కు వేశారు.

"నాకు ఏడుపొస్తందండీ" అంది సలోమి టీచర్ స్టాఫ్ రూములో. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇట్టాంటి పిల్ల ఒకత్తి దొరికింది. దాన్ని నిలబెట్టి మట్టికేసి చూడమంటున్నారు."

ఏడ్చి ఊరుకునే మనిషి కాదు. తెల్లవారుతూనే ఝాన్సీని రోడ్డు మీద పరిగెత్తించడం మొదలుపెట్టింది. తను స్కూటీ మీద వెనకాల వెళ్ళేది. నాలుగు రోజులు బాగానే సాగింది. అయిదో రోజు ఇసుక టిప్పరు ఒకటి మలుపు తిరుగుతూ పిల్లని గోడకి రాసుకుంటూ పోయింది. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారింది. అంతకంటే ఏమీ కాకపోవడం ఆ రోజు మా అదృష్టం. శేషారత్నం బండి దగ్గర్నుంచి అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఇంక చాలు టీచరమ్మా" అంది, పిల్ల చెయ్యి కొంగుతో తుడుస్తూ. "పతకం లేకపోతే ఇడ్లీ అమ్ముకుని బతుకుతాం. పిల్లే లేకపోతే నేనేం చేసుకోను? రెండెకరాల నేల ఖాళీగా ఎండుతుంటే నా బిడ్డ లారీల కింద పరిగెత్తాలా?"

ఆ మాటకి జవాబు పరంధామయ్య గారి దగ్గర ఉంది. "ఎండడం లేదమ్మా, పరిరక్షింపబడుతోంది" అన్నారు.

జిల్లా పోటీలకు వారం ముందు ముద్రల ఆవిష్కరణ సభ పెట్టారు. జిల్లా క్రీడాధికారిణి రత్నకుమారి గారు ముఖ్య అతిథి. క్రీడా పాఠశాలకి పిల్లల్ని ఎంపిక చేసేది ఆవిడే. కోటిలింగం గారిని కూడా పిలిచారు. బతికున్న మనిషిని అడగడం అదే మొదటిసారి. ఆయన ఉతికిన పంచె, కాన్వాసు బూట్లతో వచ్చారు. ఆడపిల్లలు పూలపళ్ళేలు పట్టుకుని అతిథుల ముందు నడవాలి కదా, అందులో ఝాన్సీని సలోమి టీచర్ కావాలనే అందరికంటే ముందు నిలబెట్టింది.

వంతెన మీద అందరం బారులు తీరి గాజుపెట్టె దాకా వెళ్ళాం. చక్రపాణి గారు మైకు అందుకున్నారు.

"ఇప్పుడు ఆ మహనీయులు తమ పాదాన్ని తమ పాదముద్రతో పోల్చి చూపుతారు. కార్యక్రమ ధ్రువీకరణ నిమిత్తం."

పెట్టె మూత తీశారు. కోటిలింగం గారు బూటు విప్పి, వంగి చూసి, మళ్ళీ బూటు తొడుక్కోబోయారు.

"ఇది నా కాలు కాదండీ. నా జోడు పదకొండో నంబరు. ఇదెవరో ఆడపిల్లది."

"ఆ రోజుల్లో తమ పాదం చిన్నది కదా" అన్నారు చక్రపాణి గారు.

"అప్పుడూ ఇంతే ఉండేదండీ. అయినా నేను ఇక్కడెక్కడ పరిగెత్తాను? అప్పుడు ఇవన్నీ మిరప చేలు. దిగితే కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళు. బడి అప్పుడు రైసుమిల్లు పక్క రేకుల షెడ్డులో ఉండేది. నేను కాలవ గట్టు మీద పరిగెత్తేవాణ్ణి. ఎవరూ వద్దనలేదు కాబట్టి పరిగెత్తా, అంతే."

మైకులో ఈ మాటలన్నీ వీధి చివరిదాకా వినిపించాయి. పరంధామయ్య గారు నాకేసి చూశారు, ఆ వాక్యం నేనే కలిపినట్టు. చక్రపాణి గారు మాత్రం చలించలేదు.

"పెద్దవారు. మరిచిపోయారు" అన్నారు సభకేసి తిరిగి. "ఫైలు మరిచిపోదు."

కోటిలింగం గారికి కోపం వచ్చింది. చుట్టూ చూశారు. పళ్ళెం పట్టుకుని ఉత్త కాళ్ళతో నిలబడ్డ ఝాన్సీ మీద ఆయన చూపు ఆగింది. ఆమె కుడికాలి చిటికెన వేలు కాస్త పక్కకి తిరిగి ఉంది.

"ఏదమ్మా, నీ కాలొకసారి పెట్టు" అన్నారు.

ఝాన్సీ పెట్టింది. మడమ, వేళ్ళు, ఆ వంకర చిటికెన వేలితో సహా ముద్రలో ఇమిడిపోయాయి. ముందే చెప్పాను కదా సార్ అన్నట్టు ఆ పిల్ల చక్రపాణి గారికేసి చూసింది. తీగ అవతలి పిల్లలు ఒకటే గోల, ఈలలు. ఇంతటితో ఈ పిచ్చి వదిలింది, సాయంత్రం కబడ్డీ ఉంటుందని నేను అమాయకంగా సంతోషించాను.

చక్రపాణి గారు సహాయకులతో గుసగుసలాడి, నిబంధనావళి తిరగేయించి, గొంతు సవరించుకున్నారు.

"ముద్ర పరిరక్షిత వస్తువు. ఇందులో మార్పు లేదు. నిబంధన ప్రకారం పరిరక్షిత వస్తువుకు మూలమైనదేదైనా దానితో సమానంగా పరిరక్షింపదగినది. కావున నేటి నుండి ఈ బాలిక పాదములు పరిరక్షిత పాదములుగా ప్రకటించడమైనది. వాటిని ఏ విధమైన అరుగుదలకూ లోను చేయరాదు."

పరంధామయ్య గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. ఇద్దరు సహాయకులు ఆ పాదాల కింద పెట్టడానికి దిండు కోసం వెతుకుతున్నారు.

"అంటే నేను పరిగెత్తకూడదా సార్?" అంది ఝాన్సీ.

"నడక సైతం అవసరం మేరకే తల్లీ. జాతీయ పండుగలకు వేదిక మీద కూర్చుందువుగాని."

ఝాన్సీ సలోమి టీచరుకేసి చూసింది. టీచర్ విజిల్ నోట్లో పెట్టుకుంది. స్టాప్‌వాచ్ పైకెత్తి పట్టుకుంది. ఝాన్సీ పూలపళ్ళేన్ని చక్రపాణి గారి చేతుల్లో పెట్టింది. అలవాటు కొద్దీ ఆయన అందుకున్నారు. పిల్ల వంతెన మీంచి మైదానంలోకి ఒక్క దూకు దూకింది. విజిల్ మోగింది.

"ఆపండి! పట్టుకోండి!" అని అరిచారు చక్రపాణి గారు. ఆఫీసు అటెండరు ఒక కాలు కిందికి దించాడు. "నేల! నేల!" అని ఆయనే మళ్ళీ కేక పెట్టారు. అటెండరు కాలు వెనక్కి తీసుకున్నాడు. నేల తొక్కితే నేరం, తొక్కకపోతే పిల్ల దొరకదు. అంతమంది పెద్దలమూ ఆ చెక్కల మీద ఒకరి భుజాలొకరు పట్టుకుని నిలబడి, ఆ పిల్ల ఎటు పరిగెత్తితే అటు తలలు తిప్పుకుంటూ ఉండిపోయాం.

ఎన్నాళ్ళకో కాళ్ళ కింద నేల దొరికినట్టు పరిగెత్తింది ఝాన్సీ. తీగ వెంబడి శేషారత్నం కూడా ఇవతల నుంచి పరిగెడుతూ, "మలుపు కాడ తగ్గొద్దే! తగ్గొద్దే నా తల్లీ!" అని అరుస్తోంది. కోటిలింగం గారు వంతెన అంచున గొంతుక్కూర్చుని చేతులతో తొడలు చరుస్తూ, "చేతులు! చేతులు ఊపు!" అంటున్నారు. ఆయనా ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చాను. సిగ్గుపడలేదు.

ఎనిమిది వందల మీటర్లు పూర్తవగానే విజిల్ మళ్ళీ మోగింది. రత్నకుమారి గారు సలోమి టీచర్ చేతిలోంచి స్టాప్‌వాచ్ అందుకుని చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, మళ్ళీ చూశారు. "ఉత్త కాళ్ళతోనా?" అన్నారు. జిల్లా పోటీకి ఈ పిల్ల పేరు తన తరఫున తనే రాసుకుంటానన్నారు. చక్రపాణి గారు పళ్ళెం పట్టుకునే ముందుకొచ్చి, ఇదంతా ప్రేరణ పథకం సాధించిన విజయమని అక్కడికక్కడే ప్రకటించారు. కాదనే ఓపిక ఎవరికీ లేదు.

ఝాన్సీకి క్రీడా పాఠశాలలో సీటొచ్చింది. మరుసటేడు రాష్ట్రస్థాయిలో పతకం కూడా వచ్చింది. మా హెడ్మాస్టరు గదిలో కోటిలింగం గారి పక్కన ఆమె ఫోటో తగిలించాం. ఆ ఫోటో తగిలించిన వారానికి తెల్లకారు మళ్ళీ వచ్చింది. పాత తీగ తీసేసి ఇంకా ఎత్తయిన ఇనపకంచె కట్టారు. సభ రోజున ఝాన్సీ పరిగెత్తిన దారి పొడవునా గాజుపలకలు పరిచారు. బోర్డు మీద ఝాన్సీ పేరూ ఫోటో, ఆమె పరిరక్షిత పాదాల సంగతీ చేరాయి. చరిత్ర రెట్టింపయింది కనుక ప్రేరణ పీరియడ్ కూడా వారానికి రెండు చేశారు.

మొన్న దసరా సెలవులకి ఝాన్సీ ఇంటికొచ్చింది. పొడుగైంది, మాటలో ధైర్యం వచ్చింది. ఆరో తరగతి పిల్లల్ని నలుగురిని వెంటేసుకుని, పరుగు ఎలా మొదలుపెట్టాలో చూపిస్తానని గేటు దగ్గరికెళ్ళింది. కొత్త కాపలాదారు అడ్డుపడ్డాడు.

"లోపలికి కుదరదు పాపా. ఝాన్సీ గారు పరిగెత్తిన నేల. ఎవరూ తొక్కకూడదు."

"ఝాన్సీని నేనే అన్నా."

అతను ఫోటోకేసీ ఆమెకేసీ చూసి, ఆమె కాళ్ళకేసి చూసి, చేతులు జోడించాడు. "అయితే నువ్వసలు తొక్కకూడదమ్మా. ఆ కాళ్ళు కూడా బోర్డులో ఉన్నాయి."

పిల్లలు కంచె ఇవతల అలవాటుగా వరసలో నిలబడి చేతులు కట్టుకున్నారు. వాళ్ళని చూశాక ఝాన్సీ తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మేష్టారూ, మన బడి చరిత్ర రాసింది మీరే కదా. ఇంకోసారి రాయండి."

"ఏమని రాయనమ్మా?"

"నేనిక్కడ ఎప్పుడూ పరిగెత్తలేదని రాయండి. కోటిలింగం తాతగారు కూడా పరిగెత్తలేదనండి, అది ఎటూ నిజమే. ఇక్కడ ఎవరూ గెలవలేదని రాయండి. అప్పుడు వీళ్ళని ఆడుకోనిస్తారు."

"మరి నీ పేరో? ఆ పతకం మన బడికి..."

"పతకం ఇంట్లో ఉంది మేష్టారూ. మా అమ్మ దాచింది" అంది.

కాగితం తీసి రాశాను. 'ఈ మైదానమునకు చరిత్ర ఏమియు లేదు. ఇచట ఎవ్వరూ ఎన్నడూ పరుగెత్తలేదు.' పరంధామయ్య గారికి చూపిస్తే చాలాసేపు చదివి, ఈసారి కలం తియ్యకుండానే సంతకం పెట్టారు. తెలిసినవాళ్ళెవరైనా ఒకరు సాక్షి సంతకం చేస్తే బాగుంటుందన్నారు. ఝాన్సీ చెయ్యి చాచి నా కలం అందుకుంది.